ప్రకటన పుట్టినచోటికి వెళ్ళండి



డిగ్రీ పరీక్షల ఫలితాలు వెలువడిన ఈ రోజులలో, తెనాలి మొదలు చీరాల వరకు రైలుపట్టాల పొడుగునా ఉన్న ఊళ్ళలో, రేపల్లె దిక్కు పల్లెలలో, బాపట్ల చుట్టుపట్ల గ్రామాలలో, మా ఈపురుపాలెం మగ్గాల వీధులలో, ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒక్కటే ప్రశ్న వినబడుతున్నది. చదువు పూర్తి అయినది. ఇక ఉద్యోగం ఎక్కడ వెతకవలె? ఈ ప్రశ్న అడిగేవారిలో అనేకులు తమ వంశంలో ప్రథమ పట్టభద్రులు. తండ్రికి మగ్గం తెలుసు. తల్లికి కండెలు చుట్టడం తెలుసు. కాని ఏ దరఖాస్తు ఎవరికి పెట్టుకోవలెనో, ఏ కాగితం ఏ కార్యాలయంలో దొరకుతుందో చెప్పగల పెద్ద ఆ ఇంట లేడు. అట్టి పిల్లలను ఉద్దేశించి, వారిని కష్టపడి చదివించిన తల్లిదండ్రులను ఉద్దేశించి, ఈ సాయంత్రం ఒక్క మాట చెప్పదలచినాను.

ఆ మాట ఇది. ఉద్యోగ ప్రకటన ఏది మీ చెవిని పడినా, ఏది మీ ఫోనులో కనబడినా, అది పుట్టినచోటికి వెళ్ళండి. దానిని ఏ కార్యాలయం జారీచేసినదో, ఏ సంస్థ వెలువరించినదో కనుగొని, ఆ అసలు ప్రకటనను మీ కళ్ళతో మీరే చదవండి.

మగ్గం మీద పోగు తెగినప్పుడు నేతగాడు ఏమి చేస్తాడో మా ఊరి పిల్లలందరూ చూచినదే. గుడ్డ వైపున కనబడే కొసను పట్టుకొని అతడు ఊరుకోడు. ఆ పోగు అచ్చులో ఏ పంటిసందు నుండి వచ్చినదో పోల్చుకొని, వెనుక పడుగులో నిలిచిపోయిన రెండవ కొసను వెతికి పట్టి, అక్కడ అతుకువేసి, మరల అచ్చులోగుండా లాగి, అప్పుడుగాని నాడె ఆడించడు. వాట్సాప్‌లో మీకు వచ్చే నాలుగు పంక్తుల ఉద్యోగ సందేశం గుడ్డ వైపు కనబడే కొస. పడుగులోని కొస వేరే ఉన్నది. దానిని పట్టుకొనేవరకు మీరు దరఖాస్తు పెట్టకండి, ఎవరికీ పైకం ఇవ్వకండి.

ఒక ఉదాహరణ చెప్తాను. బీయస్సీ ముగించిన అమ్మాయి ఫోనుకు ఒక సందేశం వచ్చిందనుకోండి. కేంద్ర ప్రభుత్వంలో వేల ఉద్యోగాలు, పదవ తరగతి చాలు, త్వరపడండి అని దాని సారాంశం. ఆమె నెట్ సెంటరుకు పరుగెత్తుతుంది. అక్కడి కుర్రవాడు దరఖాస్తు నింపి, పరీక్ష ఫీజు అనీ తన కూలి అనీ కలిపి కొంత మొత్తం అడుగుతాడు. తండ్రి ఇస్తాడు. ఆ అమ్మాయి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వెలువరించిన అసలు ప్రకటనను తెరచి చదివి ఉంటే, ఆ కమిషన్ పరీక్షలకు స్త్రీలు ఫీజు కట్టనక్కరలేదని, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, దివ్యాంగులు సైతం కట్టనక్కరలేదని తెలిసేది. తాను వ్రాయబోయే మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్షను 2023 నుండి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషలలో జరుపుతున్నారనీ తెలిసేది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఈ ఒక్క సంగతి ఎంత ధైర్యమో ఆలోచించండి. సందేశంలో ఈ రెండూ లేవు. అసలు ప్రకటనలో రెండూ ఉన్నాయి.

మరొక సంగతి. అర్హతలు ఫలానా తేదీ నాటికి పూర్తి అయి ఉండవలెనని ప్రకటనలో ఒక వాక్యం ఉంటుంది. చివరి సంవత్సరం పరీక్ష వ్రాసి ఫలితం కోసం చూస్తున్న విద్యార్థికి ప్రాణం వంటి వాక్యం అది. ఫలితం ఆ తేదీకి ముందే వస్తే మీరు అర్హులు. మరునాడు వస్తే కారు. ఎంత బాగా పరీక్ష వ్రాసినా, ధ్రువపత్రాల పరిశీలన నాడు వెనుకకు పంపివేస్తారు. వయస్సును లెక్కించే తేదీ విషయమూ ఇంతే. కాబట్టి మొదట తేదీలు చూడండి. ఆ తరువాతనే ఎన్ని ఖాళీలున్నవో చూడండి. మన పిల్లలు సాధారణంగా దీనిని తలక్రిందులుగా చేస్తారు.

ఇప్పుడు శ్రోతలలో పెద్దవారు ఒక ప్రశ్న వేయవచ్చును. మా కాలంలో ఇంత వెతుకులాట లేదు గదా, గుంటూరో ఒంగోలో వెళ్ళి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు వ్రాయించుకొని వచ్చేవాళ్ళం, కార్డు గడువు తీరకముందే పొడిగించుకొనేవాళ్ళం, పిలుపు అదే వచ్చేది గదా అని. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా సమాధానం చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే నేటికీ అనేక గృహాలలో తండ్రులు ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో, సైన్యం నుండి విడుదలై ఇళ్ళకు తిరిగివస్తున్న సైనికులకు జీవనోపాధి చూపవలసిన అవసరం ఏర్పడినది. అందుకొరకు పుట్టినవే ఈ ఉపాధి కార్యాలయాలు. 1948లో వాటి తలుపులు నిరుద్యోగులందరికీ తెరిచినారు. 1956 నవంబరు 1వ తేదీన, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినముననే, దేశమంతటా ఈ కార్యాలయాల దైనందిన పాలన రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వచ్చినది. ఆ పిమ్మట 1959లో పార్లమెంటు ఒక చట్టం చేసి, ప్రభుత్వ సంస్థలే కాక 25 మందికి తక్కువకాని ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు కూడా తమ ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయవలెనని విధించినది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఖాళీని తెలియజేయవలెనన్నదే చట్టం. ఆ కార్యాలయం పంపినవారినే తీసుకోవలెనని అది అనలేదు. కాని ఆచరణలో, ప్రభుత్వ శాఖలు ఎక్స్ఛేంజి పంపిన జాబితాలోని పేర్లనే పిలిచి, ఆ జాబితాకు ఎక్కని అర్హుల ముఖం చూడని అలవాటు పాతుకొన్నది.

ఆ అలవాటుకు అడ్డుకట్ట వేసిన వ్యాజ్యం మన పొరుగున ఉన్న కృష్ణా జిల్లాలో పుట్టినదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు పేర నడిచిన ఆ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎక్స్ఛేంజి నుండి పేర్లు తెప్పించుకొంటే మాత్రమే చాలదు; అధిక ప్రచారం గల పత్రికలలో ప్రకటించవలె, కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టవలె, రేడియోలోను టెలివిజన్‌లోను ఉద్యోగ సమాచార పత్రికలలోను తెలియజేయవలె, అప్పుడు వచ్చిన అర్హులందరినీ పరిశీలించవలె అని ఆ తీర్పు సారం. మీరు వింటున్న ఈ రేడియో పేరు సైతం ఆ తీర్పులో ఉన్నది. అనగా ప్రభుత్వోద్యోగం గుట్టుగా ఇచ్చే వస్తువు కాదనీ, దాని ప్రకటన పదిమందికీ కనబడేచోట ఉండి తీరవలెననీ న్యాయస్థానమే నిర్ణయించినది. ఎవరైనా మీ చెవిలో, ఇది బయటికి రాని ఉద్యోగం, మనకు మాత్రమే తెలుసు అన్నారంటే, ఆ మాటతోనే వారి సంగతి మీరు గ్రహించవచ్చును.

పెద్దలారా, అందుకే పిలుపు కోసం ఎదురుచూచే పద్ధతి ఇప్పుడు చాలదు. మీ పిల్లలు పేరు నమోదు చేసుకోవలసినదే. అయితే దానితో ఊరుకోరాదు.

ఆ నమోదు కూడ నేడు మారినది. 2015 జులైలో కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖ నేషనల్ కెరీర్ సర్వీస్ అనే పోర్టల్‌ను ప్రారంభించినది. పాత ఎక్స్ఛేంజి చేసిన పనిని ఇది దేశవ్యాప్తంగా ఫోనులోనే చేస్తున్నది. ఉద్యోగార్థి నుండి ఒక్క పైసా అడగదు. సందేహం వస్తే 1514 అనే నంబరుకు ఫోను చేయవచ్చును. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి, అయిదు, ఒకటి, నాలుగు. ఇక 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి 1959 నాటి చట్టంలోని అంశాలను తనలో కలుపుకొని, ఈ కార్యాలయాలను కెరీర్ సెంటర్లని పేర్కొన్నది. పేరు ఏదైనా మీకు కావలసినది అందులో ఒక ఖాతా, ఆ ఖాతాలో సరిగా నింపిన మీ వివరాలు. రాష్ట్రంలో గ్రూపు పరీక్షలు జరిపే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో కూడా ఇట్లాగే ఒకసారి వివరాలు నమోదు చేసుకొంటే, ప్రతి పరీక్షకూ అదే సంఖ్య పనికివస్తుంది. ఆ సంఖ్యనూ పాస్‌వర్డునూ నెట్ సెంటరు వారి కాగితంలో కాక, మీ సొంత నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

ఫోను లేనివారి మాట ఏమిటి? ఉన్నా, చిన్న తెర మీద 50, 60 పుటల ప్రకటన చదవలేనివారి మాట ఏమిటి? వారికొరకు మన ప్రాంతంలో ఒక అపూర్వమైన సంపద ఉన్నది. చీరాల దాటగానే వేటపాలెంలో, 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం నేటికీ నిలిచి ఉన్నది. 1929లో మహాత్మాగాంధి చేతులమీదుగా శంకుస్థాపన జరిగిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుండో వచ్చి కూర్చుంటారు. మన పిల్లలు ఇంత దగ్గర ఉండి, ఆ గడప తొక్కకుండా పట్నాలలో కోచింగు కోసం అప్పులు చేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అంత దూరం వెళ్ళలేకపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. అది ఎవరో దయతో నడిపేది కాదు. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం మీరు కడుతున్నారు. అక్కడ దినపత్రికలు ఉంటాయి. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ తెప్పించకపోతే, తెప్పించమని గ్రంథపాలకుని అడగండి. 1976 నుండి కేంద్ర ప్రభుత్వం ప్రచురిస్తున్న ఆ వారపత్రికలో వచ్చే ప్రకటన ఎవరో కల్పించినది కాదు. నలుగురు స్నేహితులు కలిసి వారానికి ఒకనాడు కూర్చొని, ఒకరు చదువుతుంటే మిగిలినవారు తమకు తగినవి వ్రాసుకొంటే, ఒక్కొక్కరు విడిగా ఫోను చూచి అలసిపోవడంకంటె ఎంతో మేలు.

ఇప్పుడు మన యువకులు తగినంత ఆదరించని ఒక మార్గాన్ని గురించి చెప్పనివ్వండి. అది అప్రెంటిస్‌షిప్. దీనిని గురించి కొంతసేపు ఎక్కువ మాట్లాడడానికి శ్రోతలు నన్ను మన్నించవలె. ఉద్యోగం కావాలంటే అనుభవం ఉన్నదా అని అడుగుతారు. ఉద్యోగం లేనిదే అనుభవం ఎట్లా వస్తుంది? ఈ చిక్కుముడి ముందు ఎందరో తెలివైన పిల్లలు నిరుత్సాహపడి కూలబడడం నేను చూస్తున్నాను. ఈ ముడి విప్పడానికే 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చినది. మొదట అది ఐటీఐ వృత్తులవారికి పరిమితమై ఉండినది. 1973లో దానిని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని చేర్చినారు. ఇప్పుడు బీఏ, బీకాం, బీయస్సీ చదివినవారికి సైతం అవకాశం ఉన్నది. ఏడాదిపాటు ఒక సంస్థలో పని నేర్చుకొంటారు. నెలనెలా స్టైపెండు ఇస్తారు. అందులో కొంతభాగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. ఏడాది చివర ప్రభుత్వం గుర్తించిన ధ్రువపత్రం చేతికి వస్తుంది. మన దక్షిణాది రాష్ట్రాలకు సంబంధించిన అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చెన్నైలో ఉన్నది. నాట్స్ అనే పోర్టల్‌లో మీరు పేరు నమోదు చేసుకోవలె. విశాఖ ఉక్కు కర్మాగారం, హైదరాబాదులోని ఈసీఐఎల్ వంటి సంస్థలు పట్టభద్రులను ఈ విధంగా తీసుకొంటున్నవి.

అప్రెంటిస్ అయినవారికి అక్కడే ఉద్యోగం తప్పక ఇస్తారన్న హామీ లేదు. ఆ సంగతి దాచడం నాకు ఇష్టంలేదు. ఆ కారణంచేతనే చాలామంది తండ్రులు, ఏడాది వృథా అంటారు. నేను వినయంగా విభేదిస్తున్నాను. ఇంట్లో కూర్చొని ఫోను చూచిన ఏడాదికి ధ్రువపత్రం ఎవరూ ఇవ్వరు. కర్మాగారంలో గడిపిన ఏడాది అట్లా కాదు. సమయానికి వెళ్ళడం, పై అధికారితో మాట్లాడడం, పదిమందిలో పని చక్కబెట్టడం, ఇంగ్లీషులో ఒక నివేదిక వ్రాయడం అన్నీ అక్కడ అబ్బుతాయి. ఇంటర్వ్యూలో ఎదుటివారు వెతికేవి ఇవే.

ప్రకటనలు వేయని ఉద్యోగాలు కూడా ఉన్నవి. మన సముద్రతీరం వెంబడి రొయ్యల చెరువులున్నవి, రొయ్యపిల్లలను పొదిగించే హేచరీలున్నవి, నీరు పరీక్షించే ప్రయోగశాలలున్నవి. వాటిలో రసాయనశాస్త్రమో జంతుశాస్త్రమో సూక్ష్మజీవశాస్త్రమో చదివినవారి అవసరం ఉంటుంది. చీరాల గుడ్డల బజారులో ప్రతి దుకాణానికీ జీఎస్టీ లెక్కలు వ్రాసే మనిషి కావలె. బీకాం చదివి, ట్యాలీ నేర్చినవారికి అక్కడ పని దొరకవచ్చును. ఈ యజమానులు పత్రికలో ప్రకటించరు, తెలిసినవారిని అడుగుతారు. ఇటువంటిచోట ప్రకటన పుట్టేది ఆ యజమాని గల్లాపెట్టె దగ్గర. కాబట్టి అక్కడికే వెళ్ళండి. ఒక పుటలో మీ చదువు, మీకు వచ్చిన పని, ఫోను నంబరు వ్రాసిన కాగితం తీసుకొని, రద్దీ లేని వేళ చూచి, నేరుగా మాట్లాడండి. ఖాళీ లేదంటే కాగితం ఇచ్చి రండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పెద్ద కంపెనీల విషయంలోనూ అంతే. ఎవరో పంపిన లింకు నొక్కకుండా, ఆ కంపెనీ వెబ్‌సైటులో ఉద్యోగాల పుట తెరచి అక్కడ చూడండి. మీ కళాశాల ప్లేస్‌మెంటు అధికారిని, మీకంటె రెండేళ్ళు ముందు చదివి ఉద్యోగం చేస్తున్నవారిని పలకరించండి. వారు చెప్పే ఒక్క మాట పది సందేశాలకంటె విలువైనది.

ఇక మోసాల మాట. దీనిని చెప్పకుండా ముగించడం నావల్ల కాదు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక ఘోరాన్ని వెలికితీసినారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన యువకులను ఏజెంట్లు కాంబోడియాకు పంపినారు. అక్కడ వారిని నిర్బంధించి, ఇక్కడి వారినే ఫోనులో మోసగించే పనులు చేయించినారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, బిడ్డ పరదేశంలో చిక్కిపోవడం మరొక ఎత్తు. తల్లులారా, విదేశీ ఉద్యోగమని ఎవరైనా ఇంటికి వస్తే, అతడు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం క్రింద లైసెన్సు పొందిన ఏజెంటా అని ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూపించుమని అడగండి. లైసెన్సు ఉన్నవాడు సైతం 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించి తన రుసుముగా తీసుకోరాదు. సందర్శకుల వీసా మీద వెళ్ళి అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకోవచ్చునంటే, అక్కడితో మాట ఆపివేయండి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతున్నది. ముందు అక్కడ విచారించండి. దేశంలోనైనా సరే, ఉద్యోగం ఖాయమైనది, డిపాజిట్టు కట్టండి అని ఫోను వస్తే కట్టవద్దు. అప్పటికే పైకం పోయి ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా, ఆ గంటలోనే 1930కి ఫోను చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్న.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. పరీక్ష కేంద్రం ఒంగోలో విజయవాడో పడినదని, తోడు వెళ్ళేవారు లేరని, హాల్ టికెట్టు వచ్చిన తరువాత మాన్పించిన ఇళ్ళు మన పల్లెలలో ఉన్నవి. దరఖాస్తు నాడే కేంద్రాల ఎంపిక అడుగుతారు. ఆనాడే మీరు పక్కన కూర్చొని, వెళ్ళిరాగల ఊళ్ళను ఎంచండి. రైల్వే నియామక పరీక్షలకు వెళ్ళే షెడ్యూల్డు కులాల, తెగల అభ్యర్థులకు ఉచిత ప్రయాణ సౌకర్యం ఉన్నది. ఇదీ అసలు ప్రకటన చదివితేనే తెలుస్తుంది.

చివరగా మీ పెట్టెలోని కాగితాల సంగతి. మా ఈపురుపాలెం 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉండినది. ఆ తరువాత ప్రకాశం జిల్లాలో చేరినది. 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. కావున నేడు పట్టభద్రుడైన అబ్బాయి పదవ తరగతి కాగితాలలో ఒక జిల్లా, ఇప్పటి నివాస ధ్రువపత్రంలో మరొక జిల్లా కనబడవచ్చును. భయపడవలసినది లేదు. స్థానికతను మీరు చదివిన బడులు ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లను బట్టి నిర్ణయిస్తారు. ఆ సర్టిఫికెట్లను ఇప్పుడే, బడులు తెరచి ఉన్నప్పుడే, వెళ్ళి తెచ్చుకోండి. తెచ్చుకొన్న తరువాత పదవ తరగతి సర్టిఫికెట్టును, ఆధార్ కార్డును, డిగ్రీ మార్కుల జాబితాను వరుసగా పెట్టి, మీ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను, ఇంటిపేరును, పుట్టినతేదీని ఒక్కొక్కటే సరిపోల్చి చూడండి. ఎక్కడైనా తేడా ఉంటే, పదవ తరగతి సర్టిఫికెట్టులో ఉన్నదానికి అనుగుణంగా ఆధార్‌ను ఈ నెలలోనే సరిచేయించుకోండి. దరఖాస్తు చివరి తేదీ నాడు ఆధార్ కేంద్రంలో వరుస చాలా పొడుగుగా ఉంటుంది.